ఈడీ, సీబీఐ, ఐటీ, ఎన్ఐఏ.. ఎవరి పవర్ ఎంత? బషీర్‌బాగ్ నుంచి నోటీసు వస్తే ఏం చేయాలి?

హైదరాబాద్: "బషీర్‌బాగ్‌లోని ఈడీ ఆఫీసుకు చేరుకున్న..". ఈ స్క్రోలింగ్ మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారో లెక్కే లేదు. గేటు ముందు కెమెరాలు, కారు దిగే నేత లేదా హీరో, చేతిలో ఫైలు పట్టుకున్న లాయర్. సాయంత్రానికి "8 గంటల పాటు ప్రశ్నల వర్షం" అని ఇంకో బ్రేకింగ్. ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? ఈడీ అంటే పోలీసులేనా? సీబీఐకి, ఎన్ఐఏకి తేడా ఏంటి? ఐటీ వాళ్లు అరెస్ట్ చేయగలరా?

ఇవి నేతలకు, సెలబ్రిటీలకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలు కావు. ఇదే పేర్లు చెప్పి కేటుగాళ్లు వీడియో కాల్స్ చేస్తున్నారు. రిటైర్డ్ ఉద్యోగుల నుంచి డాక్టర్ల దాకా జీవితకాలం కూడబెట్టింది ఊడ్చేస్తున్నారు. ఏ అధికారికి ఏ అధికారం ఉందో తెలియకపోవడమే వాళ్ల పెట్టుబడి. అందుకే ఈ సంస్థలు ఎలా పుట్టాయి, ఎవరు ఏం చేయగలరు, ఏం చేయలేరు అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎల్బీ స్టేడియం చుట్టూ కేంద్రం ఆఫీసులు

నిజాం కాలంలో హైదరాబాద్ ప్రధానిగా చేసిన పాయిగా ప్రభువు సర్ ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ పేరే ఈ ఏరియాకు వచ్చింది. ప్యాలెస్ ఇప్పుడు లేదు, పేరు మిగిలింది. ఫతే మైదాన్ రోడ్డులోని శక్కర్ భవన్‌లో ఈడీ జోనల్ ఆఫీసు ఉంది. ఆదాయపు పన్ను శాఖకు ఆయకార్ భవన్ ఉంది. ఎల్బీ స్టేడియం రోడ్డులో జీఎస్టీ భవన్ ఉంది. మూడూ స్టేడియానికి అటూ ఇటూ నడిచి వెళ్లే దూరమే.

హైదరాబాద్ సిటీ పోలీస్ కమిషనర్ ఆఫీసు కూడా చాలా ఏళ్లు బషీర్‌బాగ్‌లోనే నడిచింది. 2022లో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమయ్యాక అక్కడికి మారింది. సీబీఐ, ఈడీ, ఎన్ఐఏ కేసుల వాదనలు ఎక్కువగా వినిపించేది పక్కనే ఉన్న నాంపల్లి కోర్టుల్లో. నోటీసు బషీర్‌బాగ్‌లో, వాదన నాంపల్లిలో అన్నమాట.

పోలీసులు రాష్ట్రానివి.. మరి వీళ్లెవరు?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్ ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలో ఉంది. అంటే అబిడ్స్‌లో దొంగతనం జరిగినా, కర్నూలులో హత్య జరిగినా చూడాల్సింది రాష్ట్ర పోలీసులే. డీజీపీ నుంచి కానిస్టేబుల్ వరకు అందరూ రాష్ట్ర ప్రభుత్వం కిందే పనిచేస్తారు.

మరి కేంద్రం చేతిలో ఏముంది? ఆదాయపు పన్ను, కస్టమ్స్, విదేశీ మారకం, రైల్వేలు, దేశ రక్షణ.. ఇవి కేంద్ర జాబితాలోని అంశాలు. వీటికి సంబంధించి పార్లమెంటు చట్టాలు చేసింది. ఒక్కో చట్టాన్ని అమలు చేయడానికి ఒక్కో సంస్థ పుట్టింది. అందుకే కేంద్ర అధికారులందరికీ ఒకే రకమైన పవర్స్ ఉండవు. ఎవరి చట్టం వాళ్లది, ఎవరి గీత వాళ్లది. ఈ ఒక్క పాయింట్ గుర్తుంటే మిగతాదంతా ఈజీగా అర్థమవుతుంది.

థగ్గుల వేట నుంచి మొదలు

ప్రాంతాల సరిహద్దులు దాటి నేరస్తులను పట్టుకునే అధికారులు అనే ఐడియా మన దేశంలో కొత్తదేమీ కాదు. 1830ల్లో బాటసారులను గొంతు నులిమి చంపి దోచుకునే ముఠాల కోసం ఈస్టిండియా కంపెనీ ప్రత్యేక విభాగం పెట్టింది. విలియం స్లీమన్ దానికి సూపరింటెండెంట్. ముఠాలు ఒక సంస్థానంలో నేరం చేసి ఇంకో సంస్థానంలోకి పారిపోయేవి. ఒక ఊరి కొత్వాల్‌కు అవతలి ఊళ్లో అధికారం ఉండేది కాదు. ఆ గ్యాప్‌ను పూడ్చడానికే ఆ విభాగం.

హైదరాబాద్ సంస్థానానికీ ఇందులో పాత్ర ఉంది. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ థగ్గుల మీద రాసిన నవల 1839లో లండన్‌లో అచ్చయి సంచలనం రేపింది. అయితే ఈ వేటకు ఇంకో ముఖం కూడా ఉంది. సహ నిందితుల వాంగ్మూలాల మీదే ఆధారపడి శిక్షలు వేశారని చరిత్రకారులు విమర్శిస్తారు. దర్యాప్తు సంస్థకు ఎంత అధికారం ఇవ్వాలి, దాన్ని ఎవరు అదుపు చేయాలి అనే చర్చ అప్పటి నుంచీ ఉన్నదే. 1904లో ఆ పాత విభాగం స్థానంలో కేంద్ర నేర నిఘా విభాగం వచ్చింది.

సీబీఐ: యుద్ధం నాటి లంచాల కోసం పుట్టింది

రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో సైన్యానికి కొనుగోళ్లు విపరీతంగా పెరిగాయి. లంచాలు కూడా అదే స్థాయిలో పెరిగాయి. వాటిని పట్టుకోవడానికి 1941లో స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ పెట్టారు. 1946లో ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం వచ్చింది. 1963 ఏప్రిల్ 1న అదే సీబీఐ అయింది. డీపీ కోహ్లీ తొలి డైరెక్టర్.

చాలామందికి తెలియని విషయం ఏంటంటే, సీబీఐకి సొంతంగా చట్టం లేదు. ఇప్పటికీ 1946 నాటి చట్టం మీదే నడుస్తోంది. ఆ చట్టంలోని సెక్షన్ 6 ప్రకారం రాష్ట్రంలో అడుగుపెట్టాలంటే ఆ రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి కావాలి. దీన్నే 'జనరల్ కన్సెంట్' అంటున్నారు.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ తలుపు వేసినవే. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి చంద్రబాబు ప్రభుత్వం సమ్మతిని వెనక్కి తీసుకుంది. 2019లో జగన్ ప్రభుత్వం వచ్చాక తిరిగి ఇచ్చింది. తెలంగాణలో 2022 ఆగస్టులో అప్పటి కేసీఆర్ ప్రభుత్వం సమ్మతిని రద్దు చేసింది. అలా రద్దు చేసినా కేసును బట్టి ప్రత్యేకంగా అనుమతి ఇవ్వొచ్చు. కాళేశ్వరం వ్యవహారంలో 2025 సెప్టెంబరులో రేవంత్ ప్రభుత్వం చేసింది అదే. హైకోర్టు, సుప్రీంకోర్టు ఆదేశిస్తే మాత్రం రాష్ట్ర సమ్మతితో పనిలేదు. 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయం తేల్చేసింది.

సీబీఐకి తెలుగువాళ్లతో గట్టి లింకే ఉంది. హైదరాబాద్ పోలీస్ కమిషనర్‌గా చేసిన కె.విజయరామారావు 1993 నుంచి 1996 వరకు సీబీఐ డైరెక్టర్. తర్వాత రాజకీయాల్లోకి వచ్చి ఉమ్మడి ఏపీలో మంత్రి అయ్యారు. మంగపేట ప్రాంతానికి చెందిన ఎం.నాగేశ్వరరావు 2018-19లో తాత్కాలిక డైరెక్టర్‌గా పనిచేశారు. ఇక 'జేడీ' అంటే జనానికి ఇప్పటికీ గుర్తొచ్చేది వీవీ లక్ష్మీనారాయణే. అది ఆయన ఇంటిపేరు కాదు, జాయింట్ డైరెక్టర్ అనే పోస్టు. ఆయన మహారాష్ట్ర క్యాడర్ ఐపీఎస్, డిప్యుటేషన్ మీద హైదరాబాద్ వచ్చారు. సీబీఐలో చాలామంది పెద్ద అధికారులు ఇలా వచ్చినవాళ్లే. టర్మ్ అయిపోతే సొంత క్యాడర్‌కు వెళ్లిపోతారు.

సీబీఐ పవర్ ఎంత: ఎఫ్ఐఆర్ రాయొచ్చు, సోదాలు చేయొచ్చు, అరెస్ట్ చేయొచ్చు, చార్జ్‌షీట్ వేయొచ్చు. పోలీసులకు ఉన్న అధికారాలన్నీ ఉంటాయి. పోలీసులకు వర్తించే రూల్స్ కూడా వర్తిస్తాయి.

ఈడీ: డాలర్ల లెక్క నుంచి మనీలాండరింగ్ దాకా

1956 మే 1న ఢిల్లీలో ఒక చిన్న ఎన్‌ఫోర్స్‌మెంట్ యూనిట్ మొదలైంది. పని ఒక్కటే. విదేశీ మారకం నిబంధనలు ఎవరు ఉల్లంఘిస్తున్నారో చూడటం. అప్పట్లో దేశంలో డాలర్లు, పౌండ్లు అంటే బంగారంతో సమానం. 1957లో దానికి ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అని పేరు మారింది. 1973లో కఠినమైన ఫెరా చట్టం వచ్చింది. ఆర్థిక సంస్కరణల తర్వాత దాని స్థానంలో 2000 జూన్ నుంచి ఫెమా అమల్లోకి వచ్చింది. ఫెమా సివిల్ చట్టం. ప్రధానంగా జరిమానాలే.

అసలు మలుపు 2005 జూలై 1. ఆ రోజు నుంచి మనీలాండరింగ్ నిరోధక చట్టం, అదే పీఎంఎల్‌ఏ అమల్లోకి వచ్చింది. నేరం చేసి సంపాదించిన డబ్బును చట్టబద్ధమైన డబ్బులా చూపించడమే మనీలాండరింగ్. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఈడీ తనంతట తాను ఉత్త గాల్లోంచి కేసు పెట్టలేదు. ముందు ఇంకెవరో, అంటే రాష్ట్ర పోలీసులో, సీబీఐయో ఒక నేరం మీద కేసు పెట్టి ఉండాలి. ఆ నేరం పీఎంఎల్‌ఏ షెడ్యూల్‌లో ఉండాలి. ఆ మూల కేసులో నిర్దోషి అని తేలితే ఈడీ కేసు కూడా నిలబడదు.

ఈడీ రాసుకునేది ఎఫ్ఐఆర్ కాదు, ఈసీఐఆర్. దాని కాపీ నిందితుడికి ఇచ్చి తీరాలని లేదు. సెక్షన్ 50 కింద సమన్లు ఇస్తే రావాల్సిందే. అక్కడ ఇచ్చే స్టేట్‌మెంట్ కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది. పోలీసుల ముందు చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు కానీ, ఈడీ అధికారులు పోలీసులు కారు కాబట్టి ఆ మినహాయింపు వర్తించదు. 2022 జూలై 27న సుప్రీంకోర్టు ఈ అధికారాలను సమర్థించింది. అదే సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఒక బ్రేక్ కూడా వేసింది. అరెస్ట్ చేస్తే కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాల్సిందేనని స్పష్టం చేసింది.

ఇంకో మాట 'అటాచ్'. ఆస్తి అటాచ్ అయిందంటే ప్రభుత్వం తీసేసుకున్నట్టు కాదు. అమ్మకుండా, చేతులు మారకుండా ఆపినట్టు. మొదట 180 రోజుల వరకే. ఆ లోపు అడ్జుడికేటింగ్ అథారిటీ ఓకే అనాలి. పూర్తిగా స్వాధీనం అనేది ఆ తర్వాతి మాట.

మరి సమన్లు వచ్చాయంటే నేరస్తుడేనా? కాదు. 2025 జూలై, ఆగస్టుల్లో బెట్టింగ్ యాప్స్ కేసులో పలువురు సినీ నటులు బషీర్‌బాగ్ ఆఫీసుకు వచ్చి వెళ్లారు. సాక్షిగా, సమాచారం కోసం కూడా పిలుస్తారు. టీవీలో గేటు విజువల్ చూసి తీర్పు ఇచ్చేయకూడదు.

ఐటీ రైడ్: అరెస్ట్ ఉండదు, లెక్క ఉంటుంది

ఆదాయపు పన్ను వాళ్లు వస్తే అందరూ 'రైడ్' అంటారు. నిజానికి రెండు రకాలు. సర్వే అంటే వ్యాపారం జరిగే చోట, పని వేళల్లో వచ్చి పుస్తకాలు, స్టాక్ చూడటం. సెర్చ్ అంటే ఇంటికి, లాకర్‌కి, ఎక్కడికైనా వచ్చి సోదా చేసి స్వాధీనం చేసుకోవడం. 1961 చట్టంలో సెర్చ్‌కు సెక్షన్ 132 ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు.

దర్యాప్తు చేస్తూ అరెస్ట్ చేసే అధికారం ఈడీకి ఉన్నట్టు ఐటీ అధికారులకు లేదు. పన్ను, వడ్డీ, పెనాల్టీ వేస్తారు. సీరియస్ కేసైతే కోర్టులో ప్రాసిక్యూషన్ వేస్తారు.

ఇళ్లలో అందరికీ ఉండే డౌట్ బంగారం. 1994లో సీబీడీటీ ఇచ్చిన సూచన ప్రకారం సోదాల్లో పెళ్లైన మహిళకు 500 గ్రాములు, పెళ్లి కాని అమ్మాయికి 250 గ్రాములు, కుటుంబంలో ఒక్కో పురుషుడికి 100 గ్రాముల వరకు నగలను స్వాధీనం చేసుకోరు. అంతకు మించి ఉంటే తప్పని కాదు. ఎలా వచ్చిందో చూపించగలగాలి.

కస్టమ్స్, డీఆర్ఐ, జీఎస్టీ: ఎయిర్‌పోర్టు నుంచి గోదాము దాకా

నిజాం రాజ్యానికి సొంత కస్టమ్స్ ఉండేది. దాన్ని కరోడ్‌గిరి అనేవారు. సరిహద్దు దాటి వచ్చే సరుకు మీద సుంకం వసూలు చేసేది. ఇప్పుడు ఆ పని కేంద్ర కస్టమ్స్‌ది. శంషాబాద్‌లో పేస్ట్ రూపంలో బంగారం పట్టుబడింది అనే వార్తల్లో కనిపించేది వీళ్లు, వీళ్లతో పాటు డీఆర్ఐ. డీఆర్ఐ 1957 డిసెంబరు 4న ఏర్పడింది. స్మగ్లింగ్ మీద నిఘా పెట్టి పట్టుకోవడం దాని పని.

కస్టమ్స్ చట్టం, జీఎస్టీ చట్టం రెండింటిలోనూ అరెస్ట్ అధికారం ఉంది. నకిలీ ఇన్‌వాయిస్‌ల లాంటి నేరాల్లో ఎగవేసిన మొత్తం 5 కోట్లు దాటితే నాన్‌బెయిలబుల్ కేసు. అయితే 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. వీళ్లు పోలీసులు కాకపోయినా, అరెస్ట్ అయ్యే వ్యక్తికి మామూలు క్రిమినల్ చట్టం ఇచ్చే రక్షణలన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

డ్రగ్స్ విషయానికి వస్తే కేంద్రం తరఫున 1986 మార్చిలో ఏర్పడిన ఎన్‌సీబీ ఉంది. తెలంగాణలో, ఏపీలో 'ఈగల్' అని వినిపించేది మాత్రం ఆయా రాష్ట్ర పోలీసుల విభాగాలు. రెండూ వేర్వేరు.

ఎన్ఐఏ: ముంబై దాడి తర్వాత

2008 నవంబరు 26 ముంబై దాడుల తర్వాత నెల తిరగ్గానే పార్లమెంటు ఎన్ఐఏ చట్టం తెచ్చింది. సీబీఐకి, దీనికి పెద్ద తేడా ఏంటంటే రాష్ట్ర సమ్మతి అక్కర్లేదు. షెడ్యూల్‌లో ఉన్న ఉగ్రవాద నేరాల కేసును కేంద్రం నేరుగా ఎన్ఐఏకి ఇవ్వొచ్చు. 2019 సవరణతో మానవ అక్రమ రవాణా, సైబర్ టెర్రరిజం లాంటివి కూడా చేరాయి.

హైదరాబాద్‌లో ఈ సంస్థ చూసిన రెండు కేసులు రెండు రకాలుగా ముగిశాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు. 18 మంది చనిపోయారు. ఎన్ఐఏ దర్యాప్తు చేసింది. 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది.

ఇంకోటి మక్కా మసీదు. 2007 మే 18న శుక్రవారం ప్రార్థనల వేళ పేలుడు. 9 మంది అందులో, తర్వాత పోలీసు కాల్పుల్లో 5 మంది చనిపోయారు. పేలుడు తర్వాత సిటీ పోలీసులు చాలామంది యువకులను పట్టుకున్నారు. వాళ్లలో పలువురు తర్వాత కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. పేలుడు కేసు సీబీఐకి, ఆ తర్వాత 2011లో ఎన్ఐఏకి వెళ్లింది. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. మూడు దర్యాప్తులు, 11 ఏళ్లు. ఎవరు చేశారో కోర్టులో రుజువు కాలేదు. "కేసు సీబీఐకి ఇవ్వండి, ఎన్ఐఏకి ఇవ్వండి" అనే డిమాండ్ వినిపించినప్పుడల్లా ఈ కేసు గుర్తుపెట్టుకోవాలి. కోర్టులో నిలబడేది సంస్థ పేరు కాదు, సాక్ష్యం.

యూనిఫాంలో ఉన్నా దర్యాప్తు చేయని వాళ్లు

ఎన్నికలప్పుడు, సభలప్పుడు కనిపించే సీఆర్పీఎఫ్ 1939 జూలై 27న నీముచ్‌లో పుట్టింది. సంస్థానాల్లో అల్లర్లను అణచడానికి బ్రిటిష్ వాళ్లు పెట్టిన దళం అది. 1949లో ఇప్పటి పేరు వచ్చింది. భద్రత చూస్తారు, మావోయిస్టు ప్రాంతాల్లో ఆపరేషన్లు చేస్తారు. కేసుల దర్యాప్తు మాత్రం రాష్ట్ర పోలీసులదే.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బ్యాగు స్కాన్ చేసేది సీఐఎస్ఎఫ్. 1969లో ఫ్యాక్టరీల రక్షణకు పుట్టింది. 1999 డిసెంబరు కాందహార్ హైజాక్ తర్వాత ఎయిర్‌పోర్టుల బాధ్యత దీనికి అప్పగించడం మొదలైంది. దీని జాతీయ అకాడమీ మన హకీంపేటలోనే ఉంది.

నాంపల్లి స్టేషన్‌లో చూస్తే రెండు రకాల పోలీసులు కనిపిస్తారు. ఆర్పీఎఫ్ కేంద్రానిది. రైల్వే ఆస్తులకు, ప్రయాణికులకు భద్రత ఇస్తుంది. జీఆర్పీ రాష్ట్ర పోలీసుల్లో భాగం. రైల్లో ఫోన్ పోయినా, గొలుసు తెంపినా ఎఫ్ఐఆర్ రాసేది జీఆర్పీనే. స్టేషన్‌లో ఏ తలుపు తట్టాలో తెలిస్తే సగం టైమ్ కలిసొస్తుంది.

ఇక ఐపీఎస్‌లకు ట్రైనింగ్ ఇచ్చే సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీ 1948లో మౌంట్ అబూలో మొదలై 1975లో హైదరాబాద్‌కు వచ్చింది. దేశంలో ఏ రాష్ట్రానికి వెళ్లే ఐపీఎస్ అయినా శివరాంపల్లి గ్రౌండ్‌లో పరిగెత్తాల్సిందే.

సత్యం: ఒక్క కేసు, అరడజను సంస్థలు

ఎవరి పని ఏంటో ఒకే కేసులో చూడాలంటే సత్యం కంప్యూటర్స్‌ను మించిన ఉదాహరణ లేదు. 2009 జనవరి 7న లెక్కలు పెంచి చూపించామని చైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. మొదట రాష్ట్ర సీఐడీ కేసు పెట్టి అరెస్ట్ చేసింది. ఫిబ్రవరిలో కేసు సీబీఐకి వెళ్లింది. మోసం, ఫోర్జరీ కోణం సీబీఐది. కంపెనీ చట్టం ఉల్లంఘనలు తీవ్ర ఆర్థిక నేరాల దర్యాప్తు కార్యాలయం చూసింది. షేర్ మార్కెట్ ఇన్వెస్టర్లకు జరిగిన నష్టం సెబీ చూసింది. ఆ డబ్బు ఎటు వెళ్లిందో ఈడీ చూసింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పీల్‌లో ఆ శిక్ష అమలును పై కోర్టు నిలిపేసింది.

ఇన్ని సంస్థలు ఎందుకు అంటే కారణం ఇదే. ఒకే పని నాలుగు చట్టాలను ఉల్లంఘిస్తే నాలుగు తలుపులూ తెరుచుకుంటాయి.

అమెరికాలో మన పిల్లలు చూసిన ఫెడరల్ ఏజెంట్లు

అమెరికాలో కూడా కథ దాదాపు ఇంతే. 1789లోనే యూఎస్ మార్షల్స్ వచ్చారు. 1865లో దొంగనోట్ల కోసం సీక్రెట్ సర్వీస్ పుట్టింది. ఇప్పుడు అధ్యక్షుడికి కాపలా కాసేది అదే. 1908లో ఎఫ్‌బీఐ మొదలైంది. 2003లో హోంలాండ్ సెక్యూరిటీ కింద ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసే ఐస్ వచ్చింది.

తెలుగు ఇళ్లలో ఈ పేరు మార్మోగింది 2019 జనవరి చివర్లో. మిషిగన్‌లోని 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్' అసలు యూనివర్సిటీనే కాదు. స్టూడెంట్ వీసా మోసాలను పట్టుకోవడానికి ఫెడరల్ ఏజెంట్లు నడిపిన వల. క్లాసులు లేవు, టీచర్లు లేరు. ఒక్కసారిగా సుమారు 130 మంది విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. దాదాపు అందరూ భారతీయులే, వాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసులు పెట్టారు. తెలిసే చేరారని అధికారులు, వలేసి మోసం చేశారని విద్యార్థుల తరఫు లాయర్లు వాదించుకున్నారు. అక్కడి తెలుగు సంఘాలు న్యాయ సహాయానికి దిగాయి. ఏ ఏజెన్సీకి ఎంత దూరం వెళ్లే అధికారం ఉందో తెలియడం సరిహద్దు దాటాక ఇంకా ముఖ్యం.

నిజమైన నోటీసు వస్తే..

భయపడొద్దు, అలాగని పక్కన పడేయొద్దు. ముందు అది అసలుదో కాదో చూడాలి. ఐటీ నోటీసు మీద డిన్ అనే నంబర్ ఉంటుంది. 2019 అక్టోబరు నుంచి ఇది తప్పనిసరి. శాఖ పోర్టల్‌లో నంబర్ కొడితే అసలుదో నకిలీదో తెలిసిపోతుంది. జీఎస్టీ, కస్టమ్స్ లేఖల మీద కూడా డిన్ ఉంటుంది. ఈడీ సమన్ల మీద క్యూఆర్ కోడ్, పాస్‌కోడ్ ఉంటున్నాయి. ఈడీ వెబ్‌సైట్‌లో చెక్ చేసుకోవచ్చు.

ఇంటికి వస్తే ఐడీ కార్డు, సెర్చ్ వారెంట్ చూపించమని అడగొచ్చు. స్వాధీనం చేసుకున్న వస్తువుల పంచనామా కాపీ తీసుకోవాలి. చదవకుండా సంతకం పెట్టొద్దు.

పోలీసులైనా, సీబీఐ అయినా సాక్షిగా విచారించాలంటే మహిళలను, 15 ఏళ్ల లోపు వాళ్లను, 60 ఏళ్లు దాటిన వాళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు. ఉన్న చోటికే రావాలి. ఎవరు అరెస్ట్ చేసినా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. కారణం చెప్పాలి. లాయర్‌ను కలవనివ్వాలి. రాజ్యాంగం ఆర్టికల్ 22 ఇచ్చిన హక్కు ఇది. ఈడీకి, సీబీఐకి, సీఐకి అందరికీ ఒకటే.

'డిజిటల్ అరెస్ట్' అనేదే లేదు

ఇప్పుడు పైన చెప్పిందంతా ఒక్కసారి కేటుగాళ్ల స్క్రిప్టుతో పోల్చి చూడండి. మీ పేరుతో డ్రగ్స్ పార్శిల్ దొరికిందని ఒక ఫోన్ వస్తుంది. కాసేపటికి కాల్ 'సీబీఐ' దగ్గరికి వెళ్తుంది. వీడియోలో యూనిఫాం, వెనకాల అశోక చిహ్నం. 'ఈడీ ఆర్డర్' వాట్సాప్‌లో వస్తుంది. కెమెరా ఆపొద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటారు. చివరికి 'వెరిఫికేషన్' కోసం డబ్బంతా ఒక అకౌంట్‌లో వేయమంటారు.

ఇందులో ఒక్కటి కూడా చట్టంలో లేదు. పార్శిల్ చూసేది కస్టమ్స్. దాని కాల్‌ను సీబీఐకి 'ట్రాన్స్‌ఫర్' చేసే పద్ధతే లేదు. ఈడీ సమన్లలో రమ్మని ఉంటుంది, డబ్బు వేయమని ఉండదు. అరెస్ట్ అంటే మనిషిని ఎదురుగా అదుపులోకి తీసుకుని కోర్టుకు తీసుకెళ్లడం. ఫోన్‌లో అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. ప్రధాని మోదీ కూడా 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ఇదే చెప్పారు.

ఈ మోసాలు ఏ ఒక్క రాష్ట్ర పోలీసుల చేతిలోనూ ఆగడం లేదు. బాధితుడు హైదరాబాద్‌లో, అకౌంట్ ఇంకో రాష్ట్రంలో, ఫోన్ చేసేవాడు దేశం బయట. అప్పట్లో థగ్గుల ముఠాలు సంస్థానాల మధ్య గ్యాప్‌ను ఎలా వాడుకున్నాయో, ఇప్పుడు వీళ్లదీ అదే ప్లాన్. అందుకే 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు దేశవ్యాప్తంగా డిజిటల్ అరెస్ట్ కేసులను సీబీఐ చూడాలని ఆదేశించింది. సమ్మతి ఇవ్వని రాష్ట్రాలు కూడా ఈ కేసుల వరకు సమ్మతి ఇవ్వాలని చెప్పింది.

అలాంటి కాల్ వస్తే చేయాల్సింది మూడే. కట్ చేయండి. ఇంట్లో వాళ్లకు వెంటనే చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, అకౌంట్లు మారేలోపు ఆ డబ్బును బ్యాంకుల్లో ఆపే చాన్స్ అంత ఎక్కువ. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఈ నంబర్ ఇవాళే ఫోన్‌లో సేవ్ చేసి ఇవ్వండి.